వియ్యపురాలి అంకె

61వ పలుకు. పొద్దున్న

నీటిమెట్ట పన్నెండు తెప్పల మీదా కాపురముంటున్న సమస్త జనులకూ, ఒడ్డు మీది మన హితులకూ తెలియజేయడమేమనగా: నాలుగో తెప్ప మీది నల్లకోడి నిన్న సాయంత్రం సముద్రంలో పడినది. పడి, ఎవరి సాయమూ లేకుండా ఐదో తెప్పకు చేరినది. చేరి, అక్కడ గుడ్డు పెట్టినది. ఆ గుడ్డు ఏ తెప్ప వారికి చెందవలెనన్న విషయమై పెద్దలు చాలాసేపు కూర్చుని, వాదించుకుని, ఆకలేసి, అట్టు వేసుకున్నారు. ఇది మొదటి వార్త. రెండో వార్త లేదు.

నేను ఏడో తెప్ప అసిరినాయుణ్ణి. లంగరు తాళ్ళు చూసుకోవడం నా పని. నా నోరు ఊరికే పోతోందని పంచాయతీ వాళ్ళు ఈ పలుకుపెట్టెను కూడా నాకే తగిలించారు. ఊళ్ళో జరిగింది దీనికి చెప్పాలి, అది రాసి ఒడ్డుకి పంపుతుంది. నాలుగో తరగతిలో బడి మానేసినవాడికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏముంది. కూత నాది, రాత దానిది.

పోనీ, రెండో వార్త కూడా ఉంది. మా వియ్యపురాలు వరహాలమ్మ మొన్న ఒడ్డు నుంచి వచ్చింది. మా కోడలు హేమావతికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పుకి పిల్లని పుట్టింటికి పంపాలి గానీ, గాలివానల నెలలో నిండు మనిషిని పడవెక్కించొద్దని మార్తమ్మ నర్సు అడ్డం పడింది. అందుకని పుట్టిల్లే తెప్ప మీదికి వచ్చింది.

వియ్యాలవారిని ఏడిపించకపోతే మర్యాద చెయ్యనట్టు. వచ్చిన పూటే తాంబూలంలో తమలపాకు కింద ఎండు నాచు పెట్టి ఇచ్చాను. ఆవిడ ముక్క వదలకుండా నమిలి, బాగుందని మెచ్చుకుని, మర్నాడు నా టీలో ఉప్పు వేసి తెచ్చింది. నేనూ గుక్క వదలకుండా తాగాల్సి వచ్చింది. మా ఆవిడ పైడమ్మ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

ఇక ఆవిడ అంకె సంగతి. ఇక్కడ ప్రతి తెప్పకీ ఒక చుక్కపెట్టె ఉంది. పొద్దున్నే వేలు పెడితే చీమ కుట్టినట్టు కుట్టి, చుక్క నెత్తురు తీసుకుని, అంకె చెబుతుంది. గుండె కండ దెబ్బతింటే అందులోంచి నెత్తుట్లోకి కారే సరుకు ఒకటుందట, ట్రోపోనిన్. అది ఎంతుందో ఆ అంకె. తొంభై లోపు పచ్చదీపం, దాటితే ఎర్రదీపం. మా అందరికీ అంకెలు పెద్దవే. ఊరు కట్టిన కొత్తలో పదేళ్ళపాటు సరిగ్గా ఉప్పు దిగని నీళ్ళు తాగాం. అందరి కిడ్నీలూ కుంటుతున్నాయి. కిడ్నీలు బాగోకపోతే గుండె మామూలుగా ఉన్నా ఆ సరుకు నెత్తుట్లో నిలవుంటుందట. నాది ఎప్పుడు చూసినా అరవై దగ్గర. పడవ నడిపే సరంగు తవిటినాయుడిది డెబ్బై నాలుగు, అది చెప్పేటప్పుడు మీసం మీద చెయ్యి వేస్తాడు. సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా పిల్లాడి అంకె అడగడం మాకు ఆనవాయితీ అయిపోయింది. మరీ తక్కువైతే పనికి ఆగడని అనుమానం.

వరహాలమ్మ వేలు పెడితే నాలుగు వచ్చింది.

చుట్టుపక్కల వాళ్ళు చూడ్డానికి వచ్చారు. మా వియ్యపురాలికి గుండె ఉన్నట్టు రుజువైందనీ, కాకపోతే చిన్నదనీ అందరికీ వినబడేలా ప్రకటించాను.

"సిన్నదే అన్నయ్యా," అంది ఆవిడ. "అయినా మీ ఇంటికి పిల్లనిచ్చీసినాను గదా. ఇంకెంత ధైర్యం కావాలేటి?"

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఆవిడ పక్షం చేరిపోయారు. ఇది అసలైన వార్త.

62వ పలుకు. మర్నాడు, పొద్దున్న

వియ్యపురాలు ఊగుడు జబ్బులో పడింది. కొత్తగా వచ్చిన వాళ్ళందరికీ తప్పదు. కాళ్ళ కింద ఊరు కదులుతుంటే కడుపులోది పైకి వస్తుంది. తెల్లారి లేచి రెండు చెంబుల నీళ్ళు తెచ్చేసరికి నీరసపడి గడప మీద కూర్చుండిపోయింది. అన్నం వద్దంది. దవడ లాగుతోందంది. నా నాచు తాంబూలం నమిలిన పుణ్యమేనని నేను ఒప్పేసుకున్నాను. పైడమ్మ శొంఠీ నిమ్మకాయా కలిపి ఇచ్చింది. అది కూడా కక్కేసింది.

చుక్కపెట్టెలో అంకె తొమ్మిది. పచ్చదీపం.

ఒక్క రోజులో రెట్టింపు దాటింది, ఈ లెక్కన మనవడు పుట్టేసరికి మా ఊరి మనిషి అయిపోతుందని నేను గట్టిగా మెచ్చుకుంటూంటే, హేమావతిని చూడ్డానికి మార్తమ్మ నర్సు వచ్చింది. ఎంత నుంచి ఎంత అని అడిగింది. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. సంచీ కింద పెట్టి, హేమావతి దగ్గరికి పోకుండా వరహాలమ్మ పక్కన కూర్చుంది.

చాలా ప్రశ్నలు వేసింది. ఛాతీలో నొప్పి ఉందా అంటే నొప్పి కాదు, ఎవరో ఎక్కి కూర్చున్నట్టుందంది వరహాలమ్మ. వీపు రెక్కల మధ్య లాగుతోందా అంటే అవునంది. చెమట పట్టిందా అంటే పైడమ్మ చెప్పింది, రవికె తడిసిపోయిందని. ఈ మాటలేవీ మేం అడగలేదు. ఊగుడు అని పేరు పెట్టేశాక ఇంక అడిగేదేముంది.

మార్తమ్మ ఒంటికి తీగలు అతికించి గుండె గీత తీసింది. గీత మామూలుగానే ఉంది. హమ్మయ్య అన్నాను. మార్తమ్మ అనలేదు. గీత బాగున్నా గుండె బాగుండకపోవచ్చునట. మళ్ళీ నెత్తురు చూస్తేగానీ తేలదంది.

నేను తొమ్మిదే కదా అన్నాను. మన తొంభై మన కిడ్నీల కోసం పైకి జరిపిన హద్దు, కిడ్నీలు బాగున్న ఆడమనిషికి పదహారు దాటితేనే భయపడాలి అంది. మరి తొమ్మిది పదహారు లోపే కదా అన్నాను. నిన్న నాలుగు కదా అంది. నొప్పి మొదలైన కొత్తలో ఆ సరుకు ఇంకా నెత్తుట్లోకి దిగి ఉండదనీ, మొదటిసారి తక్కువ వచ్చిందని మనిషిని వదిలేస్తే మోసపోతామనీ చెప్పింది. నేను తాళ్ళ మనిషిని. ముడి ఒకసారి చూస్తే ఉందో లేదో తెలిసిపోతుంది. ఇలా వచ్చి పోయి మళ్ళీ వచ్చి చూసే వ్యవహారం నాకు కొత్త.

63వ పలుకు. అదే రోజు, ఎండ ఎక్కుతుండగా

చుక్కపెట్టె రెండోసారి ఒప్పుకోవడం లేదు. మనిషికి రోజుకి ఒక్క చుక్క. ఎర్రదీపం వెలిగితేనే రెండోది. వరహాలమ్మ వేలు గుర్తుపట్టి, మీ చుక్క అందినది, రేపు దయచేయండి అని తీయగా చెబుతోంది. దాన్ని రెండు తన్నాను. మళ్ళీ తీయగా చెప్పింది.

అప్పుడు తోచింది నాకు. నేను ఇవాళ ఇంకా వేలు పెట్టలేదు. నా వేలి గుర్తు చూపించి పెట్టె నోరు తెరిపించి, లోపలికి వరహాలమ్మ వేలు దూర్చాలి.  తప్పుడు పనే అంది మార్తమ్మ, కానీ ఇప్పుడు కాదు, కొన్ని గంటలు ఆగి చెయ్యాలంది. వెంటవెంటనే చూస్తే తేడా తెలియదట. ఈ లోపల ఒక ఆస్పిరిన్ బిళ్ళ నమలమని ఇచ్చింది. మనిషిని కదలనివ్వొద్దంది.

64వ పలుకు. ఇంకా ఆగుతూ

ఆగడం నాకు రాదు. రెండో తెప్ప తాడు బిగించాను. అది బిగిసే ఉంది. విప్పి మళ్ళీ బిగించాను. ఇంటికి వెళ్ళి వరహాలమ్మని చూశాను. మాట్లాడించొద్దని పైడమ్మ తరిమింది. మూడో తెప్ప తాడు కూడా విప్పబోతుంటే ఆ తెప్ప వాళ్ళు అరిచారు.

హేమావతికి ఏం చెప్పాలో తెలియడం లేదు. అమ్మకి ఊగుడే కదా మావయ్యా అని రెండుసార్లు అడిగింది. నాకు అబద్ధం చెప్పడం చేతకాదని ఊళ్ళో ఎవరూ అనరు. ఆ పిల్లకి మాత్రం సరిగ్గా చెప్పలేకపోయాను. మా కొడుకు బయట నాచు పెంచే తాళ్ళ మీదున్నాడు, వాడొచ్చేది వారం చివర.

మళ్ళీ ఇంటికి వెళ్ళాను. వరహాలమ్మ కళ్ళు తెరిచి ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. ఏడిపిద్దామని వెళ్ళినవాణ్ణి దుప్పటి సర్ది వచ్చేశాను.

65వ పలుకు. మధ్యాహ్నం

వేశాం. నా వేలు చూపించి ఆవిడ వేలు దూర్చాం.

ముప్పై ఒకటి.

పెట్టె పచ్చదీపం వెలిగించి, అసిరినాయుడు గారూ, మీ ఆరోగ్యం ఎంతో మెరుగుపడినది, అభినందనలు అంది. ఇంకో రోజైతే ఈ మాటకి నేను నెల రోజులు నవ్వుకునేవాణ్ణి. మార్తమ్మ అప్పటికే రేడియో అందుకుంది.

ఒడ్డు మీది డాక్టరమ్మ విని, మనిషిని వెంటనే పంపమంది. దవడ లాగుడు, చెమట, ఆ అంకె అలా ఎక్కడం, మూడూ కలిపి చూడాలనీ, గుండెకి నెత్తురు తీసుకెళ్ళే గొట్టం ఏదో మూసుకుపోతోందనీ చెప్పింది. దీపం రంగు ఏంటని ఆవిడ అడగలేదు. ఒడ్డు మీద దీపాలు లేవు కాబోలు.

మా దగ్గర ఉన్నాయి. అక్కడే వచ్చింది చిక్కు. పడవ ఒక్కటే. దాని బ్యాటరీ రోజుకి ఒక్క ప్రయాణానికే సరిపోతుంది. కోసిన నాచు రేపు పొద్దున్న ఒడ్డుకి చేరకపోతే పన్నెండు తెప్పల పంటా కుళ్ళిపోతుంది. జ్వరమని చెప్పి సంతకి పోయినవాళ్ళని చూసి చూసి, ఎర్రదీపం వెలిగితే తప్ప వంతు తప్పి పడవ కదలకూడదని ఊరంతా చేతులెత్తి తీర్మానం చేసుకున్నాం. చేతులెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

66వ పలుకు. పడవ రేవు దగ్గర నుంచి

తవిటినాయుడు చెడ్డవాడు కాదు. ముందే చెబుతున్నాను. పడవ నిండా నాచు ఎత్తించి ఉంది, మనిషిని పడుకోబెట్టే చోటు లేదు. మార్తమ్మ చెప్పిందంతా విన్నాడు. విని, దీపం ఏ రంగు అన్నాడు. పచ్చ అంది. అంకె ఎంత అన్నాడు.

ఎంతో చూపిద్దామని, పొద్దుట్నుంచీ వియ్యపురాలి పక్కనుండి వేలు పెట్టడం మరిచిపోయిన పైడమ్మ పేరు మీద, ఇంటికి పరుగెత్తి వరహాలమ్మ నెత్తురు మరో చుక్క వేశాం. యాభై ఎనిమిది.

"యాభై ఎనిమిదికి పడవేటి?" అన్నాడు తవిటినాయుడు. "నాది డెబ్బై నాలుగు. పదేళ్ళ బట్టీ డెబ్బై నాలుగే. నాను తాళ్ళు లాగీసి, మూటలు మోసీసి, రాయిలా ఉన్నాను గదా. నాకంటే తక్కువున్న మనిషికి ఊరి పంట పారబోస్తానేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. వాళ్ళని అనడానికేముంది. పొద్దున్న వరకూ నేనూ అలాగే లెక్కపెట్టాను. చిన్న అంకెంటే చిన్న జబ్బు, పెద్ద అంకెంటే పెద్ద మగతనం. ఎవరి అంకె ఎవరి పక్కన పెట్టి చూడాలో మాకు ఎవరూ నేర్పలేదు.

రేవు పక్కన నీటికర్ర ఉంది, ఎర్ర తెల్ల పట్టీలతో. పోటు ఎంత ఎక్కిందో దాని మీద చూస్తాం. నేను తవిటినాయుడి భుజం పట్టుకుని దాని వైపు తిప్పాను.

"సరంగూ, కర్ర మీద తడి సూడు. ఎంత వరకుంది?"

"నడుమెత్తు."

"పోటా, పాటా? ఎక్కుతోందా, దిగుతోందా?"

"ఒక్కసారి సూసి ఎలగ సెప్పీగలను? కాసేపాగి మళ్ళీ సూడాల."

"మరదే. నీ నీరు పదేళ్ళ బట్టీ నడుమెత్తులోనే నిలబడి ఉంది. నీకది ఊరి సెరువు. ఆయమ్మకి నిన్న పాదం తడిసింది. పొద్దున్న సీలమండ. ఇప్పుడు నడుము. ఎక్కుతోంది, సరంగూ. పీక దాకా వచ్చినాక ఎర్రదీపం ఎలుగుతాది. అప్పుడు పడవ ఎవరికోసం కడతావు?"

తవిటినాయుడు కర్ర వైపు మళ్ళీ చూశాడు.  తర్వాత వంగి మొదటి నాచు మోపు తనే నీళ్ళలోకి తోశాడు. మిగతావాళ్ళు కూడా దిగారు.  మోపులు నీళ్ళలో పడుతున్న చప్పుడొక్కటే.

67వ పలుకు. పొద్దు వాలుతుండగా

పడవ వెళ్ళింది. మార్తమ్మ కూడా వెళ్ళింది. వరహాలమ్మని మంచంతో సహా ఎత్తి పడవలోకి దించాం. దించుతుంటే నా వైపు చూసి, "నా నెత్తురికి నీ పేరెట్టినావు గదా అన్నయ్యా, పాపం ఆ పెట్టి నువ్వు మంచోడివనుకుంటాది" అంది. అందరం నవ్వాం.

హేమావతి గడప దగ్గరే కూర్చుని ఉంది. పైడమ్మ దాని తల దువ్వుతోంది. దువ్విన తలే మళ్ళీ దువ్వుతోంది.

68వ పలుకు. మర్నాడు

ఏమీ తెలియలేదు. మబ్బు పట్టి రేడియో గరగరమంటోంది తప్ప మాట రావడం లేదు. నీళ్ళలో పారబోసిన నాచు తెప్పల చుట్టూ తిరిగి తిరిగి మళ్ళీ మా దగ్గరికే వస్తోంది. వాసన మొదలైంది. ఆ వాసన పీలుస్తూ ఒక్కరు కూడా నాతో ఏమీ అనలేదు. అంటే బాగుండును. తిరిగి నాలుగు అనేవాణ్ణి.

పొద్దున్న చుక్కపెట్టె దగ్గరికి వెళ్ళాను. నా అసలు నెత్తురు నేనే వేశాను. అరవై రెండు. నిన్న ముప్పై ఒకటి ఉన్నవాడికి ఇవాళ అరవై రెండు వస్తే ఆ పెట్టెకి అనుమానం రావాలి కదా. రాలేదు. పచ్చదీపం వెలిగించి శుభదినం అంది. అంకె తగ్గితే మెచ్చుకోవడం దానికి తెలుసు, ఎక్కితే అడగడం తెలియదు. ఇంకో రోజైతే పెద్ద తమాషాగా ఉండే సంగతే. ఇవాళ కాదు. నాకు నిజంగానే ఏదైనా అయ్యుంటే ఇలాగే శుభదినం చెబుతుంది.

హేమావతికి నిజం చెప్పేశాను. విని, అమ్మ అంకె ఎంతని అడిగింది. అది కూడా చెప్పాను. తనకి కూడా ఇక్కడి నీళ్ళు పడక అంకె పెరిగిపోతే ఎవరు కనిపెడతారని అడిగింది. 

69వ పలుకు. మూడో రోజు, సాయంత్రం

రేడియో పలికింది. మార్తమ్మ గొంతు.

గుండె గొట్టం ఒకటి దాదాపు మూసుకుపోయిందట. చెయ్యి దగ్గర నుంచి సన్నటి తీగ పంపి తెరిచారట. పడవ ఒడ్డు చేరేసరికే అంకె వందలు దాటిందనీ, ఆ తర్వాత వేయి దాటి ఇప్పుడు దిగుతోందనీ చెప్పింది. కొంత కండ చచ్చిపోయింది, అది తిరిగి రాదు. మిగతాది నిలిచింది. వరహాలమ్మ గంజి తాగింది. ఇంక బరువులు మోయకూడదు. కాన్పుకి రావడం కుదరదు. కాన్పయ్యాక పిల్లనీ బిడ్డనీ ఆవిడ దగ్గరికే తీసుకెళ్ళాలి. పడవ వంతు సంగతి అడగబోయాను. తనే తీసుకెళ్తానని తవిటినాయుడు రేడియోలో మార్తమ్మ వెనక నుంచి అన్నాడు.

పెద్దలు కూర్చున్నారు. ఇక నుంచి ఊరందరికీ ఒకే హద్దు కాదు, ఎవరి అంకెకి వాళ్ళ పాత అంకే హద్దు. ఉన్నట్టుండి ఎక్కితే, ఎంత చిన్నదైనా, మళ్ళీ చుక్క తీయాలి. ఒంట్లో బాగోలేదంటే దీపం ఏ రంగున్నా మార్తమ్మ మాటే మాట. చేతులెత్తారు. మా పెట్టెను మార్చడానికి ఒడ్డు నుంచి మనిషి వస్తాడట.

ఈ పలుకుల్ని మిగతా నీటి ఊళ్ళ వాళ్ళకి కూడా వినిపిస్తామంది డాక్టరమ్మ. వాళ్ళకీ ఇలాంటి పెట్టెలే ఉన్నాయి, ఇలాంటి కిడ్నీలే ఉన్నాయి. అందుకని ఏది జరిగిందో ఏది నేను కల్పించానో తేల్చి చెప్పాలి.

అంకెలన్నీ నిజం. నాలుగు, తొమ్మిది, ముప్పై ఒకటి, యాభై ఎనిమిది. గుండె గీత మామూలుగా ఉన్నదీ నిజమే, దవడ లాగిందీ నిజమే. వాటి మీద నా చెయ్యి పడలేదు.

నా పేరు మీద చుక్క వెయ్యాలన్న ఉపాయం నాది కాదు. నేను పెట్టెని తంతూ ఉంటే, అన్నయ్యగారు ఇంకా వేలెట్టలేదు గదా అని మంచం మీద నుంచి వరహాలమ్మే అంది. నీటికర్ర మాటలు మార్తమ్మవి. నేను తవిటినాయుడి ముందు నోరు విప్పలేదు. పడవ తాడు పట్టుకుని నిలబడ్డాను, అంతే. తవిటినాయుడు కూడా నేను చెప్పినంత తొందరగా ఒప్పుకోలేదు. పైడమ్మ పడవలోకి దూకి మొదటి మోపు తోసింది. ఆ తర్వాతే అతను వంగాడు.

పడవ ఎక్కేటప్పుడు వరహాలమ్మ నన్ను ఏడిపించలేదు. ఎవరూ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, పిల్ల భయపడతాది, సెప్పకు అంది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి, మార్తమ్మ ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఈ పెట్టె ముందు కూర్చుంటే అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకని ఆ వేళాకోళం నేనే అల్లి ఆవిడ నోట్లో పెట్టాను.